డంపు పచ్చబడింది సరే, అడుగున నీళ్లెంత?

గనుల మూసివేత నివేదికలు తిరగేస్తే ఒక జంట ఫొటో తప్పకుండా ఎదురవుతుంది. ఎడమ పక్క బోడి డంపు, అంటే గని తవ్వగా పనికిరాదని పోసిన దిబ్బ: రాళ్లు, మట్టి, టిప్పర్ల జాడలు. కుడి పక్క అదే డంపు మీద గ్లైరిసీడియా, సుబాబుల్, కానుగ, బెంచీల (మెట్లలా కట్టిన అంచెల) మీద గడ్డి. కింద ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని బతికాయి అన్న లెక్క. సరే, డంపు లోపల నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయని వెతికితే చాలాసార్లు దొరికేది ఒక్క వాక్యమే, పక్క ఊరి బోరులో నీటిమట్టం ఫలానా మీటర్లు అని. పక్క ఊరి బోరు పక్క ఊరి సంగతి చెబుతుంది. డంపు సంగతి దానికేం తెలుసు?

హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్లచెరువు, పాలకవీడు చుట్టూ సున్నపురాతి గనుల పక్కన ఇలాంటి దిబ్బలు లేచాయి. పాత నల్లగొండ జిల్లాలో ఆ దక్షిణపు అంచంతా నార్జీ సున్నపురాయి, దానితోపాటు షేలు (పలకలుగా విడిపోయే మట్టిరాయి), పైన నల్లరేగడి. సిమెంటుకు పనికొచ్చే రాయి బట్టీకి పోతుంది. రేగడి, షేలు, పనికిరాని రాయి డంపుకు పోతాయి. రాయి అయిపోయాక గొయ్యీ డంపూ మిగులుతాయి.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. డంపును సాపు చేసి, మట్టి కప్పి, మొక్కలు నాటిన రోజు నుంచి అది కొత్త డంపు. దాని లోపలి నీటి దారులు ఆ పనితోనే మారిపోతాయి. కాబట్టి నీటి కొలత ఆ రోజు మొదలవ్వాలి. మన దగ్గర చాలా ప్లాన్లలో ఆ తర్వాత మూడేళ్లో అయిదేళ్లో చూసి ఆపేస్తారు. అంటే నీళ్లు రాకముందే కాపలా ఎత్తేస్తున్నారు.

డోజర్ కింద ఏం జరుగుతుందంటే

టిప్పర్ డంపు అంచున నిలబడి బాడీ ఎత్తినప్పుడు పెద్ద బండలు దొర్లుకుంటూ అడుగుకు పోతాయి. పొడి, మట్టి, చిన్న రాళ్లు పై భాగంలోనే ఆగిపోతాయి. ఇది ఎవరూ డిజైన్ చేసింది కాదు, బరువు చేసిన పని. కానీ దీనివల్ల డంపు అడుగున బండల పొర ఏర్పడి, పైనుంచి దిగిన నీటిని బయటికి వదులుతూ ఉంటుంది. పదేళ్లు కదలకుండా నిలబడ్డ డంపుల్లో చాలావాటికి అండ ఈ బండల పొరే.

అలా పోసిన వాలు సుమారు 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. ఆ వాలులో మట్టి ఆగదు, మొక్క నిలవదు. అందుకని రిక్లమేషన్‌లో, అంటే డంపును సాపు చేసి పచ్చబరిచే పనిలో, దాన్ని ఒకటికి రెండు వాలుకు, అంటే 26.5 డిగ్రీలకు దించుతారు. 30 మీటర్ల ఎత్తున్న బెంచి తీసుకోండి. పాత వాలు అడ్డంగా 40 మీటర్లు ఆక్రమిస్తే, కొత్తది 60 మీటర్లు ఆక్రమిస్తుంది. పైన అంచు పది మీటర్లు వెనక్కి పోతుంది, కింద పాదం పది మీటర్లు ముందుకు వస్తుంది. కాగితం మీద వాలు తగ్గింది, భద్రత పెరిగింది.

ఆ ముందుకొచ్చిన పది మీటర్ల దగ్గర ఆగి చూడండి. డోజర్ పైనుంచి నెట్టుకొచ్చింది పై అంచున ఉన్న పొడి మట్టి. దాన్ని తెచ్చి పోసింది అడుగున ఉన్న బండల మూతి మీద. నీళ్లు బయటికి పోయే తలుపుకు మనమే మట్టి మెత్తాం. పాత గార్లాండ్ డ్రెయిన్ (డంపు చుట్టూ తవ్విన కాలువ) కూడా చాలాసార్లు ఆ పది మీటర్ల కిందే ఉంటుంది, దాన్ని పూడ్చేశాక బయట కొత్తది తవ్వుతారో లేదో గుత్తేదారు ఓపిక. ఇక ఆ పది మీటర్ల నేల ఏమిటి? రేగడి ఎత్తేయకపోతే నల్లరేగడే. వేసవిలో నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే నేల. దాంట్లో పాత జారుడు పొరలు నున్నగా మెరుస్తూ ఉంటాయి. ఒకసారి కదిలిన పొర మీద దాని ఘర్షణ కోణం 10 నుంచి 15 డిగ్రీలకు పడిపోవచ్చు. అలాంటి నేల మీద కొత్త బరువు పెడుతున్నాం.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. డోజర్ దిగకముందే పాదం ముందున్న రేగడిని మొరం గానీ సుద్ద గానీ తగిలేదాకా తీసేయాలి. దాని మీద 150 నుంచి 300 మిల్లీమీటర్ల శుభ్రమైన రాయి మీటరు మందాన పరచాలి, పాత బండల పొరకు తగిలేలా. పైన జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే బట్ట), ఆ పైన మట్టి. కొత్త డ్రెయిన్ దాని బయట. ఇందులో చెడేది ఎక్కడంటే, 'శుభ్రమైన రాయి' పేరుతో అదే డంపులోంచి ఎత్తిన మట్టి కలిసిన రాయి వేయడం, జియోటెక్స్‌టైల్ పరిచి మట్టి కప్పకుండా రెండు మూడు నెలలు ఎండకు వదిలేయడం. ఎండకు ఆ బట్ట చివికిపోతుంది. పైన మట్టి పడ్డాక ఎవరికీ కనబడదు.

నీళ్లు చేసే లెక్క

వాలు మీద ఒక పలచని పొర జారిపోవడాన్ని తీసుకుందాం. అన్నిటికంటే సులువైన లెక్క ఇదే. ఘర్షణ కోణం 37 డిగ్రీలు, వాలు ఒకటికి రెండు, బరువు ఘనపు మీటరుకు 20 కిలోన్యూటన్లు, అతుకుడు (మట్టి రేణువుల మధ్య పట్టు) సున్నా. పొడిగా ఉంటే భద్రతా గుణకం, అంటే ఆపే బలాన్ని జార్చే బలంతో భాగిస్తే వచ్చేది, 1.51. నివేదికలో రాసేది ఈ అంకెనే, 1.5 దాటిందని సంతోషం. ఇప్పుడు ఆ పొరలో సగం మందం దాకా నీళ్లు నిండి వాలు వెంబడి పారుతున్నాయనుకోండి, అదే గుణకం 1.14. పొర నిండా నీళ్లుంటే 0.77. వాలు మారలేదు, రాయి మారలేదు, మొక్కలు కూడా అలాగే ఉన్నాయి. ఒకటి కన్నా తక్కువంటే జారిపోతుందని వేరే చెప్పక్కర్లేదు.

కోణం, ఎత్తు కంటికి కనబడతాయి, టేపుకు దొరుకుతాయి. అందుకే నిబంధనలు కూడా వాటి మీదే గట్టిగా నిలబడతాయి. బొగ్గు గనుల నిబంధనల్లో డంపు వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు, 30 మీటర్లు దాటితే బెంచీలు కట్టాలి, మొత్తం వాలు ఒకటికి ఒకటిన్నర దాటకూడదు అని స్పష్టంగా ఉంది. మంచిదే. నీళ్లు మాత్రం గొట్టం వేస్తేనే కనబడతాయి.

1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో బొగ్గు గని దిబ్బ జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. ఆ ఏడో నంబరు దిబ్బను పోసింది ఊట మీద. ఆ ఊట మ్యాపుల్లో ఉంది. దిబ్బల భద్రతకు అక్కడ ప్రత్యేక చట్టం 1969లో వచ్చింది. మన డంపుల కింద పూడిపోయిన ఒర్రెలు, కుంటలు కూడా పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో గీసే ఉంటాయి. డంపు హద్దు గీతను ఆ షీట్ మీద పెట్టి చూడటానికి పూట కూడా పట్టదు.

పదేళ్ల ఆలస్యం

'మూడేళ్లు చూశాం, గొట్టాల్లో చుక్క నీరు లేదు, ఇంకెందుకు' అన్నది తరచూ వినిపించే వాదన. గొట్టంలో నీరు లేకపోవడానికి కారణం డంపు బాగుండటం కాకపోవచ్చు, డంపుకు ఇంకా దాహం తీరకపోవడం కావచ్చు.

కొత్తగా పోసిన రాయి-మట్టి పొడిగా ఉంటుంది. అది తన సందుల్లో పట్టి ఉంచుకోగలిగినంత నీరు తాగేదాకా అడుగుకు ఏమీ వదలదు. 30 మీటర్ల మందంలో ఘనపరిమాణంలో అయిదు శాతం అదనంగా తాగుతుందనుకున్నా, అది ఒకటిన్నర మీటర్ల నీరు. నల్లగొండ వైపు ఏడాదికి సుమారు 750 మిల్లీమీటర్ల వాన. అందులో అయిదో వంతు లోపలికి దిగిందనుకుంటే 150 మిల్లీమీటర్లు. 1500ను 150తో భాగిస్తే పదేళ్లు. షేలు, మట్టి ఎక్కువున్న డంపు ఇంకా ఎక్కువ తాగుతుంది, బండలే ఉంటే తక్కువ. ఇది మోటు లెక్కే, కానీ మూడేళ్ల కొలతతో ఎక్కడ మోసపోతామో చెప్పడానికి చాలు. డంపు నిలువునా సమంగా కూడా తడవదు. టిప్పర్లు తిరిగి గట్టిపడ్డ పాత బెంచి ఉపరితలాలు లోపల పొరలుగా ఉండిపోతాయి. వాటి మీద నీరు నిలిచి, అడుగు గొట్టానికి తెలియకుండానే వాలు మధ్యలోంచి ఊటగా బయటపడుతుంది.

ఇంకో గడియారం కూడా ఉంది. గని నడిచినంతకాలం గొయ్యిలోంచి నీళ్లు తోడుతూనే ఉంటారు, చుట్టుపక్కల భూగర్భ జలం కిందికి దిగి ఉంటుంది. మూసేసిన రోజు పంపులు ఆగుతాయి. గొయ్యి నిండుతుంది, దాంతోపాటు డంపు కింది నేలలోనూ నీరు తిరిగి పైకొస్తుంది. పైనుంచి వాన, కిందినుంచి ఊట, రెండూ కలిసేది మూసివేత తర్వాతే.

'ఇక్కడ వానలెక్కడివి' అన్న మాట

'ఎండకాలం గుట్టల నీళ్లెక్కడుంటయి సారూ' అని వాచ్‌మన్ అంటే నవ్వుకోవచ్చు, కానీ ఇంజనీర్ల వాదన కూడా దాదాపు ఇదే. మనది మెట్ట ప్రాంతం, సున్నపురాయి నీళ్లు నిలవనీయదు, చెట్లు ఉన్న తడి తాగేస్తాయి, కాబట్టి డంపులో నీటిమట్టం లేవదు. ఇందులో నిజముంది. మొక్కల వేర్లు పైన మీటరు మందాన్ని పట్టి ఉంచుతాయి, వాన కోతను ఆపుతాయి, వర్షపు నీటిలో పెద్ద వాటాను ఆకుల ద్వారా వెనక్కి పంపేస్తాయి. గడ్డి లేని డంపు కన్నా గడ్డి ఉన్న డంపు నిస్సందేహంగా మేలు. కానీ లోతైన జారుడు పొర వేర్ల కింద అయిదారు మీటర్ల నుంచి పదిహేను మీటర్ల దాకా ఉంటుంది. అక్కడికి సుబాబుల్ వేరు చేసే సాయం పెద్దగా లేదు.

ఏడాది మొత్తం చూసి వాన తక్కువ అనడం కూడా పొరపాటు. డంపుకు లెక్క రెండు మూడు రోజుల వానే. 2020 అక్టోబరు మధ్యలో, 2024 సెప్టెంబరు 1న కోదాడ, హుజూర్‌నగర్ వైపు కురిసినవి గుర్తు చేసుకుంటే చాలు. అలాంటి రోజున బెంచీల మీద నీరు ఎటు పోయిందన్నదే ప్రశ్న. బెర్మ్ (బెంచి మీది చదును) లోపలి వైపుకు యాభైకి ఒకటి వాలుతో, చివర్లకు పారేలా ఉండాలి. కొన్నేళ్లకు డంపు కుంగి ఆ వాలు మధ్యలో పళ్లెంలా మారుతుంది. డ్రెయిన్‌లో ఆకులు, ఒండ్రు నిండుతాయి. అక్కడ నిలిచిన నీటికి లోపలికి దిగడం తప్ప వేరే దారి లేదు.

ఇక్కడే మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ దాకా నాగార్జునసాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు. కాల్వకు నీళ్లు వదిలి నాట్లు పడ్డాయంటే పల్లపు చేలల్లో జాలు పడుతుంది. డంపు పాదం దగ్గరి గొట్టంలో నీరు రెండు మీటర్లు లేస్తే అది వాన వల్లా, డంపు వల్లా, కాల్వ వల్లా? ఒక్క గొట్టంతో తేలదు. దీనికి తోడు బోర్లు. 2018 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఉంది కాబట్టి పక్క చేనులో మోటారు ఎప్పుడు నడుస్తుందో చెప్పలేం. పొద్దున కొలిస్తే ఒకటి, మధ్యాహ్నం కొలిస్తే ఇంకోటి. అందుకే ప్రతి రీడింగు పక్కన మూడు చిన్న మాటలు రాసుకోవాలి: గంట ఎంత, కాల్వ పారుతోందా, దగ్గరి బోరు నడుస్తోందా. ఆ మూడూ లేని రీడింగుల పట్టిక అయిదేళ్ల తర్వాత ఎవరికీ అర్థం కాదు.

గ్రానైట్ డంపుల గురించి రెండు ముక్కలు. పెద్ద బండలు, మధ్యలో ఖాళీ సందులు, అక్కడ నీటి ఒత్తిడి పుట్టడం కష్టం. దొర్లిపడే బండే ప్రమాదం. వాటికి ఈ గొట్టాల గోల అంతగా అక్కర్లేదని నా ఉద్దేశం. కటింగ్, పాలిషింగ్ యూనిట్ల స్లర్రీ తెచ్చి అదే డంపు మీద పోస్తే మాత్రం లెక్క మారుతుంది. ఆ సన్నటి పొడి సందులన్నీ పూడ్చేస్తుంది.

గొట్టం వేయడం, చదవడం

కనీసం నాలుగు గొట్టాలు కావాలి. ఒకటి డంపుకు ఎగువన, దాని ప్రభావం పడని చోట. ఒకటి మధ్య బెంచి మీంచి డంపును దాటి అసలు నేల తగిలేదాకా. రెండు పాదం దగ్గర పక్కపక్కనే: ఒకటి డంపు మట్టి, పాత నేల కలిసే చోట ఆగేది, ఇంకోటి కింది రాతిలోకి దిగేది. పాదం దగ్గరి రెండింటి మధ్య తేడాలోనే అసలు కబురుంటుంది. లోతు గొట్టంలో నీరు పైగొట్టం కన్నా ఎత్తున నిలిస్తే నీరు కిందినుంచి పైకి తోస్తోందని అర్థం. పాదాన్ని తేల్చేది ఆ తోపుడే.

మామూలు బోరు బండి ఆరున్నర అంగుళాల హ్యామర్‌తో (గాలి ఒత్తిడితో రాయిని కొట్టే పనిముట్టుతో) డంపులోకి దిగితే చాలాసార్లు ఇరుక్కుంటుంది. గాలి సందుల్లోకి పోయి చూర పైకి రాదు, పక్క రాళ్లు హ్యామర్ మీద కూలతాయి. హ్యామర్‌తోపాటే కేసింగ్ దిగే పద్ధతి అడగాలి. మీటరు రేటు ఎక్కువే, అయినా మూడు బోర్లు చెడగొట్టుకోవడం కన్నా నయం. రంధ్రంలో 50 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం. కింది రెండు మీటర్లే అర మిల్లీమీటరు చీలికలతో ఉండాలి. దాని చుట్టూ కడిగిన ఇసుక, చీలికల పైన అర మీటరు దాకా. దాని మీద మీటరు మందాన బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమన్ను) గుళికలు, నెమ్మదిగా, గొట్టానికి అంటుకోకుండా. అవి ఉబ్బడానికి కొన్ని గంటలు ఆగాలి. తర్వాత పైదాకా సిమెంటు-బెంటొనైట్ గ్రౌటు. గ్రౌటు డంపు సందుల్లోకి పారిపోతూ ఉంటుంది కాబట్టి ఒకేసారి పోయకుండా దఫాలుగా పోయాలి.

సర్వసాధారణంగా జరిగే తప్పు గొట్టం పొడవునా చీలికలు కోయడం. 'ఎక్కడ నీళ్లున్నా పట్టుకుంటుంది' అని చెబుతారు. పట్టుకునేది ఏదీ ఉండదు. పై పొరలో నిలిచిన నీరు గొట్టంలో దిగి కింది పొరలోకి పోతుంది. మనకు కనబడే మట్టం ఆ రెంటిలో దేనిదీ కాదు.

ఇక చదవడం. మూత మీద చిన్న గాలి రంధ్రం ఉండాలి. లేకపోతే లోపల గాలి బిగుసుకుని మట్టం తప్పు చూపిస్తుంది. గొట్టం అంచున ఒక చోట గాటు పెట్టి నల్ల రంగు పూస్తారు, కొలిచేదెప్పుడూ అక్కడినుంచే. టేపు దించుతూ పోతే నీటికి తగలగానే బజర్ మోగుతుంది. కొన్నిసార్లు గొట్టం గోడకు పట్టిన చెమటకే మోగుతుంది. అప్పుడు శబ్దం బెదురుగా, ఆగి ఆగి వస్తుంది. నీటి శబ్దం గట్టిగా, ఒకే తీరుగా ఉంటుంది. సెన్సిటివిటీ తగ్గించి, కొంచెం పైకెత్తి, మళ్లీ దించి, గాటు దగ్గర టేపును బొటనవేలి గోరుతో పట్టుకుని చదవాలి. రెండుసార్ల మధ్య తేడా అయిదు మిల్లీమీటర్లు మించితే మూడోసారి. 7.64 వచ్చిందనుకోండి, నేల పైకి ఉన్న గొట్టం 0.60 తీసేస్తే నేల నుంచి 7.04. ఎప్పుడైనా డోజర్ తగిలి గొట్టం విరిగి, పొట్టిగా కోసి మళ్లీ మూత పెడితే ఆ గాటు ఎత్తు మారిపోయిందని రిజిస్టర్లో రాయాలి. రాయరు. తర్వాతి నెల నుంచి నీరు హఠాత్తుగా ముప్పై సెంటీమీటర్లు పెరిగినట్టు కనబడి అందరూ కంగారుపడతారు.

గొట్టం ఎండిపోతే 'ఎండింది' అని రాయాలి. 0 అని రాస్తే కంప్యూటర్‌కు అది నీరు గొట్టం అంచుదాకా వచ్చినట్టు. నడి వేసవిలో డంపు నిండా నీళ్లున్నట్టు గీసిన గ్రాఫు ఎక్కడైనా కనబడితే కారణం చాలావరకు ఈ సున్నాలే. అయిదు నెలలు వరసగా 6.40 ఉంటే దానికి కారణం భూగర్భ శాస్త్రంలో వెతకొద్దు, మనిషి వెళ్లలేదు.

ఎండాకాలం నెలకోసారి, జూన్ నుంచి అక్టోబరు దాకా వారానికోసారి, ఒక రోజులో 50 మిల్లీమీటర్లు దాటితే తర్వాత మూడు రోజులూ రోజుకోసారి. నవంబరులో ఆపొద్దు, వాన వెలిశాక నీరు దిగడానికి వారాలు పడుతుంది. జార్ఖండ్‌లోని లాల్‌మటియాలో డంపు జారి 23 మంది కార్మికులు పోయింది 2016 డిసెంబరు 29న. అది నడుస్తున్న బొగ్గు గని, దాని కారణాలు వేరు. వానాకాలం పోయిందని నిశ్చింతగా ఉండకూడదు అనడానికే ఇక్కడ చెప్పింది. ఏ మట్టం దాటితే ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి. గుణకం 1.3కు దిగే మట్టం దగ్గర పసుపు గీత, 1.2 దగ్గర ఎరుపు గీత. ఎరుపు దాటితే పాదం దిగువ పొలాల్లో మనుషులు ఉండకూడదు.

కదలిక

కదలికను కొలిచే సరంజామా అంటే అందరికీ మోజు. ఇన్‌క్లైనోమీటర్ (నేలలో దించిన గొట్టం వంపు కొలిచేది), ప్రిజం, డ్రోను, శాటిలైటు. వీటిని వద్దనడం లేదు. కానీ కదలిక కనబడేసరికి డంపు నిర్ణయం తీసేసుకుని ఉంటుంది. నీటి మట్టం దానికి ముందు మాట.

పైగా పచ్చదనం కొన్నింటి కళ్లు మూస్తుంది. సెంటినెల్-1 ఉపగ్రహం 5.6 సెంటీమీటర్ల పొడవున్న రాడార్ అలతో చూస్తుంది. బోడి డంపు మీద అది మిల్లీమీటర్ల కదలికనూ పట్టగలదు. మొక్కలు పెరిగాక వానకూ గాలికీ ఆకులు మారిపోతాయి, ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ పొంతన కుదరదు. డంపును ఎంత బాగా పచ్చబరిస్తే అది శాటిలైటుకు అంత కనబడకుండా పోతుంది. ఉత్తర-దక్షిణ దిశలో జారే వాలునైతే అది ఎలాగూ సరిగ్గా చూడలేదు, దాని దారే ఆ దిశలో కాబట్టి. మీటరు సైజు అల్యూమినియం రిఫ్లెక్టర్లు బెంచీల మీద పాతితే పని జరుగుతుంది, అడుగున నీరు పోయే రంధ్రం పెట్టాలి. 2025 జులై 30న ఇస్రో పంపిన నిసార్‌లో 24 సెంటీమీటర్ల అల ఉంది, ఆకులను దాటి చూడటంలో అది మేలు. అయినా ఉపగ్రహం తిరిగొచ్చేది 12 రోజులకోసారి, ముసురు మాత్రం మూడు రోజుల్లో ముగుస్తుంది.

అంచున బీట కనబడితే రెండు పక్కలా 12 మిల్లీమీటర్ల కడ్డీలు అర మీటరు లోతు దిగేలా కొట్టి, తలల మీద గాటు పెట్టి, టేపుతో దూరం, లెవెల్‌తో ఎత్తు తేడా రాసుకోవచ్చు. రోజుకు ఎన్ని మిల్లీమీటర్లు అన్నది తెలిశాక దాన్ని తలకిందులు చేసి, అంటే ఒకటిని ఆ అంకెతో భాగించి, గీయాలి. మొదటి రోజు వేగం 2, తిరగేస్తే 0.5. నాలుగు రోజులకు 2.5, అంటే 0.4. ఎనిమిదో రోజుకు 3.3, అంటే 0.3. గీతను సాగదీస్తే ఇరవయ్యో రోజుకు సున్నా, అంటే కూలే రోజు అటూ ఇటూగా అదే. వాన పడ్డప్పుడు వేగం పెరిగి, ఆగాక తగ్గితే ఈ గీత మోసం చేస్తుంది. అయినా అదేపనిగా కిందికే వంగుతోందంటే మాత్రం టేపు పక్కన పెట్టి మనుషుల్ని పంపించేయాలి.

చౌక చిట్కా ఒకటి. మధ్య బెంచి గొట్టంలోకి ఆరునెలలకోసారి 40 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవున్న ఇనుప కడ్డీని తాడుతో దించండి. నిరుడు 18 మీటర్ల దాకా దిగింది, ఈ ఏడాది 11 దగ్గర ఆగిందంటే అక్కడ గొట్టం వంగింది, డంపు ఆ లోతున కదిలింది. ఇంకో కడ్డీని ముందే అడుగున వదిలి తాడు పైకి కట్టి ఉంచితే, దాన్ని లాగినప్పుడు ఎక్కడ తట్టుకుంటుందో చూసి జారుడు పొర కింది హద్దు కూడా తెలుస్తుంది. లక్షల ఖరీదు చేసే ఇన్‌క్లైనోమీటర్ చెప్పే కబురులో ముఖ్యమైన సగం ఇదే.

నీటిలో ఏముందన్నది వేరే తంటా

డంపు నీటి నాణ్యత విషయంలో నల్లగొండలో పనిచేసేవాళ్లకు ఫ్లోరైడ్ అడ్డు తగులుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటిన నీరు ఈ జిల్లాలో గని పుట్టకముందు నుంచీ ఉంది. నైట్రేటు పేలుడు పదార్థాల్లోంచీ వస్తుంది, యూరియాలోంచీ వస్తుంది. కాబట్టి డంపు పోయకముందు తీసిన నమూనా, ఎగువ గొట్టం నమూనా లేకుండా తప్పు డంపుదని గానీ కాదని గానీ ఎవరన్నా నమ్మను. సున్నపురాతి డంపులో పీహెచ్ ఎప్పుడూ ఏడు పైనే కనబడుతుంది, దాన్ని చూసి ఊరుకుంటారు. షేలులో పైరైటు (గంధకం కలిసిన ఇనుప ఖనిజం) ఉంటే పుట్టిన ఆమ్లాన్ని సున్నపురాయి అక్కడే చంపేస్తుంది, సల్ఫేటు మాత్రం నీటిలోనే మిగులుతుంది. చూడాల్సింది సల్ఫేటు, ఈసీ (కరిగిన ఉప్పులను బట్టి పెరిగే విద్యుత్ వాహకత).

నమూనాకు ముందు గొట్టంలో నిలవ నీరు మూడింతలు తోడేయాలి. 50 మిల్లీమీటర్ల గొట్టంలో మీటరుకు సుమారు రెండు లీటర్లు, పది మీటర్ల నీరుంటే 60 లీటర్లు తోడాలి. బెయిలర్‌తో (తాడుకు కట్టి దించే సన్నటి తోడుడు గొట్టంతో) అది చెయ్యి నొప్పిపుట్టే పని, అందుకే ఎగ్గొడతారు. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసా. లోహాలకు ఆమ్లం చుక్కలు వేసినది, నైట్రేటుకు వేయనిది, వేర్వేరు సీసాలు.

తాళం చెవి

ఇదంతా ఎవరు చేస్తారన్నది మిగిలింది. గని మూసేశాక కంపెనీ మనుషులు ఉండరు. గొట్టం తాళం తుప్పు పట్టి, ఎవరో పగలగొట్టి, పిల్లలు రాళ్లు వేసి నింపుతారు. గ్రామ పంచాయతీకి అప్పగిస్తే సాంకేతిక పరిజ్ఞానం లేదని అభ్యంతరం. టేపు దించి అంకె రాయడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, ఆ అంకెను నెలకోసారి ఎవరో ఒక ఇంజనీరు చూడాలి, అంతే. పైగా అందరికన్నా ముందు తేడా పసిగట్టేది పాదం దిగువ రైతే. 'ఈసారి ఆ పక్క మడి ఆరుతలేదు' అని ఆయన అంటే అది ఒక రీడింగే. ఏప్రిల్‌లో డంపు అడుగున తుంగ, జమ్ము పచ్చగా లేచాయంటే అక్కడ ఊట పడింది. బెంచి మీది సుబాబుళ్లు వరసగా మొదలు దగ్గర ఒకే వైపు వంగి, పైన తిరిగి నిటారుగా లేస్తున్నాయంటే నేల నెమ్మదిగా జరుగుతోంది. మొక్కల లెక్క రాసే నివేదికలో ఈ మొక్కల మాట కూడా రాయొచ్చు.

రిజిస్టర్ మొదటి పేజీలో గొట్టం నంబరు, గాటు ఎత్తు, మొత్తం లోతు, చీలికలు ఎక్కడి నుంచి ఎక్కడికి, డోజర్ వాలు దించడం ముగించిన తేదీ ఉండాలి. ఆఖరిది ఉండటం అరుదు. అది లేకపోతే పైన చెప్పిన పదేళ్లు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలో తెలియదు.